లింగంపల్లిలో ఆగిన ముంబయి బండి

మా అమ్మాయి ఎక్కిన రైలును మా ఆయనే ఆపాడు. ఈ మాట చెప్తే చాలామంది నమ్మరు, నమ్మినవాళ్ళు నవ్వుతారు. నవ్వితే నవ్వనివ్వండి. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు, మా ఆయన పీక పిసకాలనిపించింది.

షారోన్ ఎనిమిదేళ్ళు దేశం తరఫున రగ్బీ ఆడింది. అందులో రెండేళ్ళు కెప్టెన్. పేపరువాళ్ళు ఇంటికి వచ్చినప్పుడల్లా నన్ను అడిగేది ఒకటే ప్రశ్న, "ఏం పెట్టి పెంచారమ్మా?" అని. అందరూ పెట్టిందే పెట్టాను. అన్నం, పప్పు, ఆదివారం కోడికూర. దాని ఆటకి నేను నిజంగా చేసిందేమైనా ఉందంటే అది తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో, ఒకే ఒక్క సాయంత్రం. అదైనా ఇష్టపడి చేసింది కాదు.

నేను గుంటూరు జిల్లా పిల్లని, నర్సుని. గచ్చిబౌలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పని. మా ఆయన కృపానందం సంగారెడ్డి వైపు మనిషి, సర్కారు బడిలో సోషల్ సారు. చర్చివాళ్ళు కుదిర్చిన పెళ్ళి. చందానగర్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో, సమ్మె నాటికి ఇరవై రెండేళ్ళు కాపురం చేశాం. అన్నాళ్ళలోనూ మా మధ్య ఆంధ్రా తెలంగాణ గొడవ వచ్చిందంటే, పచ్చి పులుసుని పులుసు అనొచ్చా అనకూడదా అన్న దగ్గరే.

రెండువేల పదకొండు సెప్టెంబరులో సమ్మె మొదలైంది. బడులు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి, బొగ్గు రాక కరెంటు పోవడం మొదలైంది. మా ఆయన రోజూ బడికి వెళ్ళినట్టే ఇస్త్రీ చొక్కా వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని, హైవే పక్కన వేసిన సమ్మె డేరాకి వెళ్ళి కూర్చునేవాడు. అటెండెన్స్ కూడా ఆయనే తీసుకునేవాడట.

మా ఇళ్ళలో ఫోనెత్తితే "వందనాలు" అంటాం. సమ్మె మొదలైన మర్నాటి నుంచి ఆయన ఫోనులో వందనాలు పోయి "జై తెలంగాణ" వచ్చింది. ఇటువాళ్ళు అదే అనాలి, అటువాళ్ళూ అదే అనాలి, ఆ తర్వాతే అసలు మాట. ఒకరోజు ప్రార్థన కూటం సంగతి చెబుదామని పాస్టరుగారు ఫోన్ చేస్తే ఈయన గొంతెత్తి "జై తెలంగాణ" అన్నాడు. అవతలి నుంచి పాస్టరుగారు మెల్లగా "ఆమెన్" అన్నారట.

"నువ్వు గూడ ఒక్కసారి అనరాదు?" అన్నాడు ఆ రాత్రి అన్నం దగ్గర.

"నేననను."

"ఏంది భయం? మీ అన్నలు గుంటూర్ల ఉన్నరు. ఆడిదాక వినబడతదా?"

"భయం కాదండీ. రాష్ట్రం వస్తే రానివ్వండి, నాకేం ఏడుపు లేదు. నా నోట్లో మాట మాత్రం నాది. ఒకళ్ళు అనమన్నారని అనను."

షారోన్ పళ్ళెంలోంచి తలెత్తకుండా నవ్వింది. అప్పటికి దానికి ఇరవై ఏళ్ళు, డిగ్రీ ఆఖరి సంవత్సరం. చిన్నప్పటి నుంచీ బొద్దుగా, గట్టిగా ఉండేది. బడిలో పిల్లలు బస్తా అని పిలిచేవాళ్ళు. ఇంటికొచ్చి ఏడ్చేది కాదు గానీ, ఫొటో తీస్తామంటే అందరి వెనకా నిలబడేది. నేనూ తక్కువదాన్ని కాదు, రెండో గరిటె అన్నం పెట్టేముందు దాని మొహంలోకి ఓసారి చూసేదాన్ని. ఆ చూపు దానికి అర్థమయ్యేదని నాకు తర్వాత తెలిసింది.

దాన్ని ఈ ఆటలోకి లాగింది భార్గవి. కర్నూలు పిల్ల. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, సాయంత్రం కాగానే అద్దాల బిల్డింగుల వెనక ఖాళీ స్థలంలో ఇరవైమంది ఆడపిల్లల్ని పోగేసి రగ్బీ నేర్పేది. లైట్లు లేవు. బిల్డింగుల వెలుతురే వీళ్ళ లైట్లు.

బస్సులు లేని ఆ రోజుల్లో ఓ సాయంత్రం డ్యూటీ దిగి, షేర్ ఆటోలు కూడా బందని తెలిసి, సరే షారోన్‌తో కలిసి నడిచిపోదామని మొదటిసారి ఆ స్థలానికి వెళ్ళాను. వెళ్ళకపోయినా బాగుండేది. కోలగా దోసకాయలా ఉన్న బంతిని చంకలో పెట్టుకుని ఒక పిల్ల వాయువేగంతో వస్తోంది. ఎదురుగా నా కూతురు. పక్కకి తప్పుకుంటుందనుకున్నాను. అది వంగి, భుజం ఆ పిల్ల తొడల దగ్గర ఆనించి, రెండు చేతులతో చుట్టేసి నేలకేసి పడేసింది. నేను నర్సుని. భుజం ఎముక విరిగితే ఎన్ని వారాలో, మోకాలు తిరిగితే ఎన్ని నెలలో నాకు లెక్కలు తెలుసు. అటు పరిగెత్తబోయాను. ఆ పడ్డ పిల్ల మాత్రం నవ్వుతోంది. షారోన్ దానికి చెయ్యిచ్చి లేపి మళ్ళీ తన చోటుకి పరిగెత్తింది.

"ఇట్లాంటి భుజాలు జిమ్ముకు పోతే రావు ఆంటీ," అంది భార్గవి నా పక్కకొచ్చి. "పుట్టుకతో రావల్ల. పైగా మీ పిల్లకి భయం ల్యాదు. దీన్ని ఇండియాకి ఆడిస్తా, చూడండి."

షారోన్ వైపే చూస్తున్నాను. బంతి దాని చేతికొచ్చింది. ముగ్గురు మీదపడ్డారు. ముగ్గుర్నీ ఈడ్చుకుంటూ నాలుగడుగులు ముందుకే వేసింది. బస్తా అనిపించుకున్న ఆ ఒళ్ళు అంత అందంగా ఉంటుందని కన్నతల్లిని నాకే తెలియలేదు. సిగ్గుపడ్డాను. ఆ రాత్రి అన్నం పెట్టేటప్పుడు దాని మొహంలోకి చూడలేదు, అడగకుండానే రెండో గరిటె వేశాను.

అక్టోబరులో కబురొచ్చింది. ఆసియా పోటీలకి భారత జట్టు ఎంపిక, పుణేలో. దేశమంతటి నుంచి నలభైమంది పిల్లలు, అందులోంచి పన్నెండుమందిని తీసుకుంటారు. సోమవారం పొద్దున ఎనిమిదింటికి గ్రౌండులో పేర్లు పిలుస్తారు. పలకనివాళ్ళ పేరు కొట్టేస్తారు. ఏడాదిలో ఒక్కసారే ఈ పిలుపు. భార్గవి ఆఫీసు పనుండి వారం ముందే పుణే వెళ్ళింది. షారోన్‌కి ఆదివారం మధ్యాహ్నం, పుణే మీదుగా వెళ్ళే ముంబయి బండికి టికెట్టు తీశాం.

టికెట్టు తీసిన రెండో రోజున రైల్ రోకో ప్రకటించారు. శని, ఆది, సోమ. తెలంగాణలో రైలు కదలకూడదు. ప్రైవేటు బస్సులవాళ్ళు ముందే చేతులెత్తేశారు. విమానాల్లో సీటు లేదు. ముంబయి బండి ఒక్కటి మాత్రం పోలీసు కాపలాతో నడిపి తీరతామని టీవీలో చెప్పారు.

"మీరు ఎల్లుండి ఎక్కడుంటారు?" అని అడిగాను ఆయన్ని, శుక్రవారం.

"లింగంపల్లి స్టేషన్ల. ఇంకేడుంట?"

"మీ కూతురు ఆ బండే ఎక్కుతుందని తెలుసా?"

ఆయన చేతిలో ముద్ద అలాగే ఆగింది. "ఎరికే. ముప్పై మంది సార్లను నేనే తోలుకపోతున్న, కరుణా. రండి కూసుందమని అందరికి చెప్పి నేను ఇంట్ల పంటనా?"

"మరి దాని బతుకో?"

"అమ్మా, ఆగు జర," అంది షారోన్. "డాడీ, నువ్వు పో. నేను బండెక్కి కూసుంట. కదిలితే నా అదృష్టం."

"గంతే. కని ఒక్కటి," అన్నాడాయన వేలు చూపించి. "ఏం జరిగినా నువ్వు మాత్రం మా దిక్కు వచ్చి కూసోవద్దు. కేసు పడితే పాస్‌పోర్టు రాదు. నా కొలువు పోయినా మంచిదే, నీ పాస్‌పోర్టు పోవద్దు."

నేను ఆ రెండు రోజులూ ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఆయనకి కూడు సయించదని నాకు తెలుసు. తెలిసే మాట్లాడలేదు.

ఆదివారం ఆయన ఊహ తెలిశాక మొదటిసారి చర్చి ఎగ్గొట్టాడు. మేం తల్లీకూతుళ్ళం ఆరాధన అయ్యాక నడుచుకుంటూ స్టేషనుకి వెళ్ళాం. మూడున్నరకి బండి వచ్చింది, పెట్టెకిద్దరు పోలీసులు. షారోన్ ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. నేను ప్లాట్‌ఫాం మీద నిలబడి ప్రార్థన చేస్తున్నాను. బండి కదల్లేదు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. నాలుగయ్యేసరికి నా ప్రార్థన కాస్తా కోపమైంది. విసవిసా ప్లాట్‌ఫాం చివరికి నడిచి, వాలు దిగి, పట్టాల మీదికి వెళ్ళాను.

అక్కడ రెండు వందలమంది ఉన్నారు. ఆడవాళ్ళు బతుకమ్మ పాట అందుకున్నారు. మొదటి వరసలో మా ఆయన, పక్కన ఆయన హెడ్మాస్టరు నరసింహమూర్తిగారు, ఎండకి పేపరు నెత్తిన పెట్టుకుని. ఎదురుగా ఇన్‌స్పెక్టరు మైకులో, పది నిమిషాల్లో లేవకపోతే అందర్నీ అరెస్టు చేస్తామంటున్నాడు.

"ఏవండీ, లేస్తారా లేవరా?" అన్నాను అందరి ముందూ.

ఆయన నన్ను చూడలేదు. నా వెనక చూస్తున్నాడు. బ్యాగు వీపున తగిలించుకుని షారోన్ కూడా వచ్చింది. దాని మొహంలో కోపం లేదు, అడగడం లేదు, ఊరికే తండ్రిని చూస్తోంది. నేను ఆయన్ని ఇరవై రెండేళ్ళుగా ఎరుగుదును. ఆ క్షణాన ఆయన మనసు మారిపోయింది. అరచెయ్యి పట్టా మీద ఆనించి లేవబోయాడు.

"పో కృపానందం," అన్నారు హెడ్మాస్టరుగారు మెల్లగా. "బిడ్డ కోసం గదా. ఎవ్వరు ఏమనరు."

లేచాడు, ఇంక లేచాడు అనుకున్నాను.

"కూసో డాడీ," అంది షారోన్.

"బిడ్డా..."

"నువ్వు లేస్తే నీ వెనక అందరు లేస్తరు. రేపు డేరాల మొఖమెట్ల చూపెడ్తవ్? నేను ఎనిమిదింటికి ఆడుండాలె, గంతే. రైల్లనే పోవాల్నని ఏమున్నది?"

"ఇగ ఎట్ల పోతవే?"

"హైవే ఉన్నది గదా. ఉరుకుత. బండి దొరికిన కాడ ఎక్కుత."

నవ్వులాటకి అంటోందనుకున్నాను. అది వంగి బూట్ల తాళ్ళు బిగించుకుంటోంది. పుణే ఐదువందల కిలోమీటర్ల పైమాట. దారి పొడుగునా రాళ్ళు, అడ్డం పడేసిన చెట్లు, కాలే టైర్లు. ఆ బూట్ల తాళ్ళు చూస్తే నాకు ఏడుపొచ్చింది.

ఆయన కళ్ళు తుడుచుకుని జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీశాడు. హైవే పొడుగునా ఊరూరి సమ్మె డేరా కన్వీనర్ల ఫోన్ నంబర్లు. "ఉరుకుడెందుకు? తొవ్వ పొడుగునా మనోళ్ళే ఉన్నరు," అని, పట్టాల మీంచి లేవకుండానే రామచంద్రాపురం డేరాకి ఫోన్ కొట్టాడు. "జై తెలంగాణ. అన్నా, నా బిడ్డ వస్తున్నది. పటాన్‌చెరు దాక దించాలె."

షారోన్ ఆయన భుజం మీద చెయ్యి వేసి "వస్త డాడీ" అంది. వాలెక్కి హైవే వైపు పరుగందుకుంది. వెనక్కి తిరగలేదు.

ఇన్‌స్పెక్టరు ఇచ్చిన పది నిమిషాలు అయిపోయాయి. నలుగురు కానిస్టేబుళ్ళు వచ్చి మా ఆయన్ని కాళ్ళూ చేతులూ పట్టి లేపారు. అలా గాల్లో ఉండగానే ఫోనూ కాగితమూ నా చేతిలోకి తోశాడు. "కరుణా, ఒక ఊరు దాటంగనే తర్వాతోళ్ళకు చెయ్! మరవకు!" అని అరుస్తూనే వ్యానెక్కాడు.

ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చుని పటాన్‌చెరుకి కలిపాను.

"జై తెలంగాణ!" అంది అవతలి గొంతు.

"హలో అండీ, నేను కృపానందంగారి భార్యనండీ, మా అమ్మాయి..."

"ఎవరు? సారు ఫోన్ మీ చేతికెట్ల వచ్చింది?" టక్కున పెట్టేశాడు. మళ్ళీ చేశాను. మళ్ళీ పెట్టేశాడు. అరెస్టయినవాళ్ళ ఫోన్ల నుంచి పోలీసులే చేసి ఎక్కడెవరున్నారో లాగుతున్నారని ఆ రోజుల్లో అందరికీ అనుమానం. నా అండీలు వింటే ఆ అనుమానం ఇంకా గట్టిపడుతుంది గానీ తగ్గుతుందా?

ఈలోగా నా సొంత ఫోను మోగింది. షారోన్. "అమ్మా, పటాన్‌చెరు ముంగట టైర్లు కాలుతున్నయ్. బైకాయన ఇంతదాకనే వస్త అన్నడు. ఈడ ఎవ్వర్ని పోనిస్తలేరు. డాడీ చెప్పిండంటె నమ్ముతలేరు."

"అక్కడే ఉండు," అన్నాను.

ఆయన ఫోను తీసి మూడోసారి కలిపాను. అవతల ఎత్తారు. ఈసారి అతను ముందు పలకలేదు, నేనేమంటానో అని ఎదురుచూస్తున్నాడు.

"జై తెలంగాణ," అన్నాను.

పక్క బెంచీ మీది ముసలామె నన్ను తిరిగి చూసింది.

"జై తెలంగాణ, అక్కా," అన్నాడతను. "చెప్పు. పిల్ల ఏడున్నది?"

ఆ తర్వాత నేను అంత చకచకా ఎప్పుడూ మాట్లాడలేదు. పటాన్‌చెరువాళ్ళు టైర్లు పక్కకి లాగి దాన్ని దాటించి ఇస్నాపూర్‌లో అప్పగించారు. ఇస్నాపూర్‌వాళ్ళు సంగారెడ్డి చౌరస్తాలో. సదాశివపేటలో ఫోనెత్తింది భ్రమరాంబ టీచరు. రోడ్డు మీద వంటావార్పూ జరుగుతోందట, వెనక గరిటెల చప్పుడు.

"పిల్ల తిన్నదా అమ్మా?" అంది ఆవిడ ముందు.

"మధ్యాహ్నం తిన్నదేనండీ."

"అయితె తినకుండ పంపియ్య. ఈ మాట రాసిపెట్టుకో," అంది. రోడ్డు మీదే కూర్చోబెట్టి అన్నం పెట్టి, ఇంకో పొట్లం కట్టి ఇచ్చి, తన తమ్ముడి బండి మీద ఎక్కించిందట. జహీరాబాద్‌లో ఉర్దూ టీచరు గఫార్ సాబ్. "ఫికర్ చెయ్యకమ్మా. కర్ణాటక సరిహద్దు దాటించి, హుమ్నాబాద్‌ల పుణే బస్సెక్కించి, సీట్ల కూసున్నదని చూసినంకనే మర్లి వస్త," అన్నాడు. అన్నట్టే చేశాడు. ఐదో ఫోనుకి వచ్చేసరికి జై తెలంగాణ అనడానికి నేను ఊపిరి బిగబట్టాల్సిన పని లేకపోయింది. మొత్తం పదకొండుమందికి చేశాను.

సోమవారం పొద్దున్నే డ్యూటీ. ఏడయింది, ఎనిమిదయింది, షారోన్ ఫోను స్విచాఫ్, భార్గవి ఎత్తడం లేదు. ఎనిమిదిన్నరకి మా ఆయన ఫోను నా యాప్రాన్ జేబులో మోగింది. పటాన్‌చెరు కన్వీనరు. "అక్కా, పిల్ల చేరిందా?" తెలియదన్నాను. పావుగంటకి గఫార్ సాబ్. తర్వాత భ్రమరాంబ టీచరు. తర్వాత నేనెప్పుడూ పేరు కూడా వినని ఒక ట్రాక్టరు డ్రైవరు, బుదేరా దగ్గర దాన్ని నాలుగు కిలోమీటర్లు తీసుకెళ్ళి దించాడట. "చేరిందా అమ్మా?" అందరికీ అదే జవాబు, ఇంకా తెలియదు. రాత్రి మొత్తం వీళ్ళెవరూ నిద్రపోయినట్టు లేరు. కన్నది నేనొక్కదాన్నే అయినా కనిపెట్టుకుని ఉన్నది పదిమంది.

మూడు గంటలకి భార్గవి నంబరు నుంచి ఫోనొచ్చింది. ఎత్తితే షారోన్.

"అమ్మా, పది నిమిషాల ముంగటనే చేరిన. ఫోన్ల చార్జింగ్ లేకుండె. వంటి మీద బట్టలు గూడ మార్చలే, అట్లనే దిగిన గ్రౌండ్ల. మధ్యాహ్నం దాక ఆడిపిచ్చిండ్రు." ఆగింది. "పన్నెండు పేర్లు చదివిండ్రు అమ్మా. నాది పదకొండోది."

ఇంజెక్షన్ గదిలో తలుపేసుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఏడ్చి, మొహం కడుక్కుని, ఆ కాగితం తీసి వరసగా అందరికీ చెప్పాను. చివర మిగిలింది మా ఆయనే. అరెస్టు చేసినవాళ్ళని ఊరి చివర ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారని తెలిసింది. వార్డులో నడుస్తూనే హెడ్మాస్టరుగారికి చేసి, ఆయనకివ్వమన్నాను.

"మీ కూతుర్ని జట్టులోకి తీసుకున్నారండీ," అన్నాను.

ఆయన ముందు టైము అడిగాడు.

"ఎనిమిదింటికే చేరిందా?"

"పది నిమిషాల ముందే."

"నేను లేస్తుంటి కరుణా," అన్నాడు. "నిజంగ లేస్తుంటి. అదే కూసోమన్నది."

"చూశానండీ," అన్నాను. రెండు రోజుల కోపం ఎటు పోయిందో తెలియదు. "నేనూ చూశాను."

ఇంకేదో అనబోయాడు గానీ అప్పటికే హెడ్మాస్టరుగారు హాల్లో అందరికీ చెప్పేసినట్టున్నారు. ఒక్కసారిగా గోల. అటునుంచి ఎవరో గొంతెత్తి "షారోన్..." అంటే, రెండువందల గొంతులు "జిందాబాద్!" అన్నాయి. మళ్ళీ, మళ్ళీ. ఫోను చెవి దగ్గర పెట్టుకోలేక చెయ్యి చాచి దూరంగా పట్టుకున్నాను. వార్డు మొత్తానికీ వినబడుతోంది.

నాలుగో మంచం మీది పెద్దాయన దిండు మీంచి లేచి కూర్చున్నాడు. "ఎవరమ్మా ఈ షారోన్? కొత్త లీడరా?"

"కాదు, మా అమ్మాయి," అన్నాను. "ఇండియాకి రగ్బీ ఆడుతుంది."

"గదేం ఆట?"

స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాను. ఆ సాయంత్రం ఐదో మంచానికి బీపీ చూడటం అరగంట ఆలస్యమైంది.